పన్నుపోటు, పాలమూరు చెలక

తెలుగులో పన్ను అంటే నోట్లో ఉండేదీ, సర్కారుకు కట్టేదీ కూడాను. రెండూ పీకించుకునేటప్పుడు నొప్పి తప్పదు. స్వీడన్, డెన్మార్క్, నార్వేలలో కొలువులు చేస్తున్న మన తెలుగువారిని మాత్రం రెండో పన్నుపోటే ఎక్కువగా బాధిస్తున్నట్టు కనబడుతుంది. నలుగురు కూడిన చోట ముందు చలి గురించి మాట్లాడుకుంటాం, ఆపైన పిల్లలకు తెలుగు రాకపోవడం గురించి, ఆ తరువాత తప్పనిసరిగా పన్ను గురించి. ఏం చేస్తే తగ్గుతుంది, ఎవరికి తగ్గింది, ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు అనే చర్చ అర్ధరాత్రి దాకా సాగుతుంది.

ఆ చర్చలో నేను సాధారణంగా మైనారిటీ పక్షం. పన్ను తగ్గించుకోవడం తప్పని నేను అనను. చట్టం తానుగా ఇచ్చిన రాయితీని వదులుకోవడం త్యాగం కాదు, అజ్ఞానం. నాకు పేచీ ఉన్నది మన ఊళ్ళోని భూమి దగ్గర. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి వెళ్ళిన మాబోటివాళ్ళం సంపాదనలో మిగిలినదాన్ని ఎక్కడ దాస్తున్నాం, ఎందుకు దాస్తున్నాం, దానివల్ల అక్కడ ఏం జరుగుతోంది అన్నది కలిపి ఆలోచించకుండా పన్ను గురించి మాట్లాడటం సగం మాటే అవుతుందని నా అభిప్రాయం.

ముందుగా చట్టం ఇస్తున్నదేమిటో చూద్దాం.

స్వీడన్, డెన్మార్క్‌లలో పైమెట్టు ఆదాయం మీద సగానికి పైగానే పన్ను పోతుంది. అయినా బయటి నుండి నిపుణులు రావాలన్న కోరిక ఆ ప్రభుత్వాలకు ఉంది కనుక వచ్చేవారికి కొంత వెసులుబాటు కల్పించాయి. స్వీడన్‌లో నిపుణుల రాయితీ కింద జీతంలో 25 శాతానికి పన్ను ఉండదు. ఇది 2001 నుండి అమలులో ఉంది. మొదట మూడేళ్ళు ఇచ్చేవారు, తరువాత అయిదేళ్ళు చేశారు, ఇప్పుడు ఏడేళ్ళు. ఉద్యోగంలో చేరిన మూడు నెలల లోపు దరఖాస్తు చేయాలి. గడువు దాటితే ఎంత మొత్తుకున్నా వినేవారుండరు. డెన్మార్క్‌లో పరిశోధకులకూ, నిర్ణీత జీతానికి మించి వచ్చే ఉద్యోగులకూ 27 శాతం ఏకరేటు ఉంది. దానికి 8 శాతం కార్మిక విపణి చందా కలిపితే మొత్తం 32.84 శాతం అవుతుంది. 2018 నుండి దీన్ని ఏడేళ్ళ పాటు వాడుకోవచ్చు. అయితే ఆ పద్ధతిలో ఇతర మినహాయింపులు దొరకవు. నార్వేలో 2019 నుండి కొత్తగా వచ్చినవారు మొదటి ఏడాది 25 శాతం ఏకరేటు ఎంచుకోవచ్చు. ఇల్లు కొని వడ్డీ కడుతున్నవారికి అది లాభమో నష్టమో లెక్క వేసుకొని చూడాలి.

ఇవన్నీ రాజమార్గాలు. వీటిని వాడుకున్నవాడు ఎవరి ముందూ తల దించుకోనక్కరలేదు. కొత్తగా వెళ్ళే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట కూడా ఇదే. విమానం ఎక్కకముందే ఆ దరఖాస్తు ఎవరు పెడతారో, మీరా, మీ కంపెనీయా, తేల్చుకోండి.

ఇక సంపద పన్ను. ఈ పన్ను డెన్మార్క్‌లో 1997 నుండి లేదు. స్వీడన్ 2007లో ఎత్తివేసింది. మన దేశంలో 1957లో వచ్చిన సంపద పన్ను చట్టానికి 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ మంగళం పాడారు. 2013-14లో దేశం మొత్తం మీద ఆ పన్ను వల్ల వచ్చింది 1,008 కోట్లేనని ఆయన పార్లమెంటులో చెప్పారు. అంత పెద్ద దేశంలో అంత చిన్న మొత్తం రావడానికి కారణం మనం పేదలం కావడం ఒక్కటే కాదని వేరే చెప్పనక్కరలేదు. ఈ మూడింటిలో నార్వే మాత్రం పందొమ్మిదో శతాబ్దం చివరి నుండి ఈ పన్నును వదలలేదు. 2024 లెక్క ప్రకారం ఒక మనిషి నికర సంపద 17 లక్షల క్రోనర్లు దాటితే, దాటినదాని మీద 1 శాతం, రెండు కోట్లు దాటితే ఆపైదాని మీద 1.1 శాతం. ఆ ఏడు ఇందులో పెద్ద వాటా ఆ ఊరి మునిసిపాలిటీకి పోయింది.

పన్నుల ప్రకారం నార్వే నివాసి అయినవాడు తన సంపదను చెప్పమంటే అక్కడున్నదే కాదు, ప్రపంచంలో ఎక్కడున్నా చెప్పాలి. మన చెలక దగ్గర చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

* * *

మా ప్రాంతం తెలియనివారికి రెండు మాటలు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ అంటే ఎర్రనేల, గుట్టలు, ఆముదం, కంది, పత్తి. వాన పడితే పంట, లేకపోతే వలస. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ వెంట పోయి దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోశారు. నల్గొండ నీళ్ళలోని ఫ్లోరైడ్ పళ్ళను పసుపు పచ్చగా మార్చి ఎముకలను వంచింది. నీటి నుండి ఫ్లోరైడ్‌ను తీసే ఒక పద్ధతికి లోకమంతటా "నల్గొండ టెక్నిక్" అనే పేరు. ఒక జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకు ఎక్కడానికి ఇంతకంటే విషాదమైన కారణం ఉంటుందా?

అటువంటి నేలకు గత పాతికేళ్ళలో ధర వచ్చింది, పంట వల్ల కాదు. హైదరాబాదు పెరిగి బెంగుళూరు రోడ్డు మీదుగా షాద్‌నగర్, కొత్తూరుల దాకా, విజయవాడ రోడ్డు మీదుగా చౌటుప్పల్ దాకా, వరంగల్ రోడ్డు మీదుగా భువనగిరి, యాదగిరిగుట్టల దాకా వచ్చింది. 2016లో జిల్లాలు విడగొట్టి షాద్‌నగర్‌ను రంగారెడ్డిలో కలిపినా, భువనగిరి యాదాద్రి జిల్లా అయినా, ఆ నేల మా నేలే. ప్రాంతీయ వలయ రహదారి మాట వినబడిన నాటి నుండి అక్కడ చెలకలో రాళ్ళ కంటే హద్దురాళ్ళు ఎక్కువయ్యాయి. ఆ హద్దురాళ్ళలో ఎన్నో విదేశాలలో ఉన్నవారివే.

స్టాక్‌హోంలో, కోపెన్‌హాగెన్‌లో, ఓస్లోలో మిగిల్చినది ఈ నేలలోకి వచ్చే దారులను గమనించండి.

భారత విదేశీ మారక నిర్వహణ చట్టం కింద ప్రవాసి ఇల్లు కొనవచ్చు, లేఅవుటు ప్లాటు కొనవచ్చు, దుకాణం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనరాదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఈ నిబంధన ఉన్నది గనుక మనవాడు నాన్న పేరిట కొంటాడు. పట్టా నాన్నది, పాసుపుస్తకం నాన్నది, సొమ్ము మనవాడిది, ధర పెరిగితే ఆనందమూ మనవాడిదే. నార్వే పత్రంలో ఆ భూమి కనబడదు. "నా పేరు మీద ఏముంది?" అంటాడు.

నాన్నకు డబ్బు నిజంగా ఇచ్చేసి, భూమి నిజంగా ఆయనదే అయితే పేచీ లేదు. కొడుకు తండ్రికి ఇవ్వడం ధర్మమే. కానీ అప్పుడు ఆయన తదనంతరం అది అమ్మకూ, అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్ళకూ సమానంగా పంచవలసిన ఆస్తి. అందుకు సిద్ధమేనా అని అడిగి చూడండి, మొహం మారిపోతుంది. "పేరు మాత్రమే నాన్నది" అంటాడు. పేరు మాత్రమే ఆయనదైతే దాన్ని మన చట్టం బినామీ అంటుంది. 2016లో సవరించిన బినామీ చట్టం భార్య పేరిట, పిల్లల పేరిట సక్రమమైన సొమ్ముతో కొన్నదానికి మినహాయింపు ఇచ్చింది. తల్లిదండ్రుల విషయంలో మాత్రం కొన్నవాడి పేరు కూడా దస్తావేజులో ఉండాలి. ఉంచుదామంటే ప్రవాసి పేరిట వ్యవసాయ భూమి కొనరాదు. అటు నుయ్యి, ఇటు గొయ్యి. నార్వేకు కట్టవలసిన 1 శాతం తప్పించుకోవడానికి నూటికి నూరు శాతం ఆస్తిని తోబుట్టువుల దయ మీదా, అధికారుల దయ మీదా వదిలేయడం ఏ లెక్క ప్రకారం లాభమో నాకు బోధపడదు. మా ప్రాంతంలో సాదాబైనామాలు, అంటే తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోళ్ళు, ఎన్ని కుటుంబాలను కోర్టుల చుట్టూ తిప్పాయో ఎరిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

బ్యాంకు సొమ్ము సంగతి ఇంకొక రకం. ఎన్.ఆర్.ఇ. ఖాతా మీద వడ్డీకి మన దేశంలో పన్ను లేదు. అందుకని ఎక్కడా లేదనుకుంటారు చాలామంది. మనం నివసిస్తున్న దేశం దాన్ని ఆదాయంగానే చూస్తుంది. స్వీడన్‌లో పెట్టుబడి ఆదాయం మీద 30 శాతం, నార్వేలో వడ్డీ మీద 22 శాతం. 2017 నుండి దేశాల మధ్య బ్యాంకు ఖాతాల సమాచారం వాటంతట అవే పంచుకునే ఏర్పాటు నడుస్తోంది. భారత్, ఈ మూడు దేశాలూ మొదటి నుండీ అందులో ఉన్నాయి. కనుక ఖాతాను దాచేవాడు కళ్ళు మూసుకొని పాలు తాగే పిల్లి. ఆ ఏర్పాటులో భూమి లేదు. సొమ్మంతా చెలకలోకి పారడానికి ఇది కూడా ఒక కారణం.

* * *

భయం పెద్దదా, పన్ను పెద్దదా? ఒక లెక్క వేద్దాం. క్రోనరు సుమారు 8 రూపాయలనుకుందాం. 2024 లెక్క ప్రకారం దంపతులిద్దరికి కలిపి 34 లక్షల క్రోనర్ల దాకా, అంటే సుమారు 2 కోట్ల 70 లక్షల రూపాయల దాకా, సంపద పన్ను లేదు. సొంతంగా నివసించే ఇంటి విలువలో (కోటి క్రోనర్ల లోపు) నాలుగో వంతునే లెక్కలోకి తీసుకుంటారు. అప్పు తీసివేస్తారు.

ఓస్లోలో 60 లక్షల క్రోనర్ల ఫ్లాటు ఉన్నదనుకోండి, లెక్కకు వచ్చేది 15 లక్షలు. చౌటుప్పల్ దగ్గర 2 కోట్ల రూపాయల భూమి ఉన్నదనుకోండి, అది 25 లక్షల క్రోనర్లు. రెండూ కలిపి 40 లక్షలు. ఫ్లాటు మీద అప్పు ఏమాత్రం మిగిలి ఉన్నా, ఆరు లక్షలైనా సరే, పన్ను స్థూలంగా సున్న. పైసా అప్పు లేకపోయినా 34 లక్షల మీద మిగిలిన 6 లక్షలకు 1 శాతం చొప్పున ఏడాదికి 6 వేల క్రోనర్లు, సుమారు 48 వేల రూపాయలు. రెండు కోట్ల ఆస్తిని నాన్న పేరు చాటున, నిద్ర లేకుండా, దాచుకున్నది ఈ 48 వేల కోసం. చాలామందికి అదీ కాదు, సున్న కోసం.

నిజమైన సంపన్నులకు ఈ పన్ను బరువే, కాదనను. చేపల వ్యాపారంతో కుబేరుడైన షెల్ ఇంగె రోకె 2022లో నార్వే వదిలి స్విట్జర్లాండుకు మారిపోయాడు. అంతకు చాలా ముందు, 1973లోనే, ఐకియా స్థాపకుడు ఇంగ్వర్ కాంప్రాడ్ స్వీడన్ వదిలాడు. తిరిగి 2014లో వచ్చాడు. కానీ మనం రోకెలమూ కాదు, కాంప్రాడ్‌లమూ కాదు. నెల జీతగాళ్ళం. కుబేరుల భయాన్ని అరువు తెచ్చుకొని కప్పుకుంటున్నాం.

* * *

ఇక్కడ ఎదుటి వాదం ఒకటుంది. దాన్ని తేలికగా తీసివేయకూడదు. "ఆ భూమి మా తాత చెమట. నార్వే దానికి నీళ్ళివ్వలేదు, రోడ్డు వేయలేదు. దాని మీద పన్ను అడిగే హక్కు దానికెక్కడిది?"

ఇందులో న్యాయం ఉంది. రెండు మూడేళ్ళ కొలువుకు వచ్చి వెళ్ళిపోయేవాడి తాతల భూమిని లెక్కలోకి లాగడం సబబు కాదని నేనూ అంటాను. మన దేశపు చట్టమే ఈ విషయంలో ఎక్కువ ఔదార్యం చూపింది. చాలా ఏళ్ళు విదేశాలలో ఉండి తిరిగి వచ్చినవాడిని తొలి రెండు మూడేళ్ళు "సాధారణ నివాసి కాడు" అని పరిగణించి, అతడి విదేశీ ఆదాయాన్ని మన ఆదాయపు పన్ను శాఖ ముట్టుకోదు. నార్వే కూడా కొత్తగా వచ్చినవారి స్వదేశీ ఆస్తిని మొదటి కొన్నేళ్ళు వదిలేయవచ్చు. ఈ మాట పైకి అనాలి. అక్కడ మన సంఘాలున్నాయి. సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టినట్టే, దీని మీద ఒక విజ్ఞాపన కూడా పెట్టవచ్చు.

పైకి అనడానికీ, దాచడానికీ తేడా ఎంతో ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ చూపించింది. పిల్లల రచయిత్రిగా ప్రపంచమంతా ఎరిగిన ఆమెకు 1976లో తన ఆదాయం మీద పన్ను 102 శాతం పడుతోందని తెలిసింది. ఆమె దేశం విడువలేదు, ఖాతాలు దాచలేదు. పత్రికలో ఒక వ్యంగ్య కథ రాసింది. దేశమంతా గొడవ అయింది. నలభై ఏళ్ళకు పైగా అధికారంలో ఉన్న సోషల్ డెమోక్రాట్లు ఆ ఏటి ఎన్నికలలో ఓడిపోయారు. విశేషమేమిటంటే, ఆమె స్వయంగా ఆ పార్టీ అభిమాని, పన్నుల మీద నడిచే సమాజాన్ని నమ్మిన మనిషి. నమ్మింది కనుకనే పోట్లాడింది. నార్వేలో ఎవరి ఆదాయమెంత, సంపదెంత, పన్నెంత అన్నది నేటికీ బహిరంగ సమాచారమే. 2014 నుండి మన వివరాలు ఎవరు చూశారో మనకూ తెలుస్తుంది. అలాంటి చోట గట్టిగా మాట్లాడేవాడికి గౌరవం ఉంటుంది, గుసగుసలాడేవాడికి ఉండదు.

* * *

"తాత చెమట" అన్న మాట దగ్గర ఆగుదాం. నల్గొండ చెలకల్లో చెమట ఎవరిది, పట్టా ఎవరిది అన్న ప్రశ్న కొత్తది కాదు. నైజాములో ఒకప్పుడు శిస్తు వసూలు చేసిపెట్టే దేశ్‌ముఖులే తరువాత వేల ఎకరాలకు పట్టాదారులయ్యారు. పైవాడు కట్టనిది కిందివాడు వెట్టిగా, లెవీ ధాన్యంగా కట్టాడు. 1940లలో ఆ జిల్లా ఎందుకు తిరగబడిందో, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా ముందు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఎందుకు ఇవ్వవలసివచ్చిందో మన పెద్దలకు ఎరుకే. దున్నేవాడికి భూమి అన్న మాట పుట్టిన నేల అది.

అదే నేల మీద ఇప్పుడు ఎవరి పేరిటో హద్దురాళ్ళు పాతి, కంప వేసి, పదేళ్ళు బీడు పెడుతున్నాం. మనదేశంలో వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, సంపద పన్ను లేదు, 1985 నుండి మరణానంతర ఆస్తి మీదా పన్ను లేదు. ఏ పన్నూ లేని వస్తువు సొమ్ము దాచుకునే భోషాణమవుతుంది. పంట లెక్కకు సంబంధం లేని ధర పలుకుతుంది. పూణేలోనో ముంబయిలోనో మట్టి మోసి నాలుగు పైసలు కూడబెట్టుకొని వచ్చిన పాలమూరు కూలీ, తన ఊళ్ళో తాను ఎకరం చెలక కొనలేడు. కౌలుకు చేస్తాడు. 2018 మే నుండి ఇచ్చిన రైతుబంధు సొమ్ము కూడా పట్టా ఉన్నవాడికే పోయింది, కౌలుదారుకు దక్కలేదు. దున్నేవాడికి ఆసరా లేదు, దున్ననివాడికి సర్కారు నజరానా. మన దాచిన సొమ్ము చేస్తున్న పని ఇది. ఓస్లో పన్ను కార్యాలయానికి జరిగే నష్టం కంటే నాకిది ఎక్కువ బాధ.

మరొక మాట. మనం ఎవరి పన్నులతో చదివాం? 1971లో పి.వి. ప్రభుత్వం నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టింది, రాష్ట్రంలో అదే మొదటిది. అక్కడ, తరువాత వచ్చిన ఇతర గురుకులాలలో, సంక్షేమ హాస్టళ్ళలో తిని చదివినవాళ్ళు, ఆపైన ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజనీర్లయినవాళ్ళు మనలో ఎందరు? ఆ ఖర్చు పెట్టిన సర్కారుకు పన్ను కట్టే వయసు రాగానే విమానం ఎక్కాం. ఇక్కడికి వచ్చి, పిల్లల బడికి ఫీజు లేకుండా, కాన్పుకు బిల్లు లేకుండా బతుకుతూ, ఇక్కడా కట్టకుండా ఉండే ఉపాయం వెదుకుతున్నాం. రెండు చోట్లా తినడమూ, రెండు చోట్లా చేయి కడుక్కొని లేవడమూ మర్యాదస్థుల పద్ధతి కాదు.

నేను చెప్పేది పెద్ద ఆదర్శమేమీ కాదు. ఏడేళ్ళ రాయితీ ఉంటే పూర్తిగా వాడుకోండి. గడువు లోపల దరఖాస్తు పెట్టండి. ఇల్లు, అప్పు, మినహాయింపులు అన్నీ సరిగా లెక్క వేసుకోండి. భూమి ఉంటే ఉన్నదని రాయండి, ధర ఎలా కట్టాలో తెలిసిన ఆడిటరును అడగండి. చట్టం అన్యాయమనిపిస్తే పదిమందిలో అనండి. నాన్న పేరిట కొన్నది నాన్నదేనని మనస్ఫూర్తిగా ఒప్పుకోండి, లేదా కొనకండి. ఉన్న చెలకను బీడు పెట్టకండి. దున్నేవాడికి కౌలు కాగితం రాసి ఇవ్వండి. అది మన హక్కుకు ఎసరు పెడుతుందన్న భయం ఊళ్ళో చాలామందికి ఉంది. ఆ భయం వల్లే అతడికి బ్యాంకు అప్పూ, పంట నష్టానికి పరిహారమూ అందకుండా పోతున్నాయి.

వచ్చే వసంతంలో నార్వేలో మళ్ళీ పన్ను పత్రాలు వస్తాయి. సగం వివరాలు వాళ్ళే నింపి పంపుతారు. విదేశాలలోని ఆస్తి అన్న గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. దాన్ని మనమే నింపాలి.